టికెట్టు 6 పౌండ్లు, బకెట్లు 20 పైనే: ఫెన్‌లాండ్ పల్లెలో ఒక బుల్లి మ్యూజియం

ముందే చెప్పేస్తున్నా, ఈ చోటు పేరు రాయను. కేంబ్రిడ్జ్‌కి ఉత్తరంగా, ఈలీ అనే ఊరు దాటాక వచ్చే ఒక పల్లెటూరి మ్యూజియం అనుకోండి చాలు. వారానికి రెండు మధ్యాహ్నాలే తెరుస్తారు. నడిపేది జీతం లేని వాలంటీర్లు, దాదాపు అందరూ డెబ్బై దాటినవాళ్ళే. కింద కొన్ని తిట్లు ఉన్నాయి, అవి వెళ్ళి ఆ పెద్దవాళ్ళ నెత్తిన పడటం నాకిష్టం లేదు. పొగడ్తలు కూడా ఉన్నాయి, అవి పేరు లేకపోయినా చెల్లుతాయి.

అసలు ఎందుకు వెళ్ళామంటే, మా అత్తయ్య ఆరు నెలలకని వచ్చారు, వచ్చిన మూడో వారానికే కేంబ్రిడ్జ్ కాలేజీలన్నీ అయిపోయాయి. వచ్చిన ప్రతి చుట్టానికీ అవే చూపిస్తాం కదా మనం, అదే పచ్చిక, అదే నది, అదే పడవ, అదే ఫొటో. నాలుగోసారి తీసుకెళ్తానంటే ఆవిడ చెప్పులు కూడా తొడుక్కోలేదు. "గోపురాలు చాల్లే అమ్మాయ్, మామూలు జనం ఎట్లా బతికారో అది ఎక్కడైనా ఉంటే చూపించు" అన్నారు. ఆవిడది దివిసీమ, నాగాయలంక వైపు. ఆ మాటకి నాకు గుర్తొచ్చింది ఈ చోటే, ఆఫీసులో ఒకావిడ ఎప్పుడో చెప్పింది, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో ఫెన్ పల్లెల్లో, అంటే చిత్తడి ఎండగట్టిన నేల మీది ఊళ్ళల్లో, ఇళ్ళు ఎలా ఉండేవో అలాగే సర్ది పెట్టారని.

దారి గురించి ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే సగం మ్యూజియం దారిలోనే ఉంది. ఈలీ దాటాక నేల బల్లపరుపు. చెట్టూ లేదు గుట్టా లేదు, నల్లటి మట్టి, ఆకాశం. రోడ్డు మాత్రం అలలు అలలుగా ఉంటుంది, కారు పడవలా లేచి పడుతుంది, వెనక సీట్లో అత్తయ్య నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నారు. ఒకచోట ఆవిడ అద్దంలోంచి చూసి, "ఒరేయ్, ఏరు మన నెత్తి మీద ఉందేంట్రా" అని మా ఆయన్ని కేకేశారు. నిజమే. పక్కనే ఎత్తైన కరకట్ట, దాని మీదుగా పడవ ఒకటి మా కారు టాపు కంటే పై ఎత్తులో వెళ్తోంది.

దీని కథ ఏమిటంటే, ఇదంతా ఒకప్పుడు చిత్తడి, మన కొల్లేరు లాంటిది. 1630ల్లో బెడ్‌ఫర్డ్ ఎర్ల్, ఇంకొంతమంది డబ్బున్నవాళ్ళు పెట్టుబడి పెడితే, వెర్ముయిడెన్ అనే డచ్ ఇంజినీరు తిన్నటి కాలువలు తవ్వించి నీళ్ళు సముద్రానికి దారి మళ్ళించాడు. నీళ్ళు పోగానే పీట్ నేల, అంటే వేల ఏళ్ళుగా కుళ్ళకుండా పేరుకున్న మొక్కల మట్టి, ఎండిపోయి కుంగడం మొదలుపెట్టింది. నేల కుంగింది, నది పైనే ఉండిపోయింది. ఇక అప్పట్నుంచీ తోడుడే తోడుడు, ముందు గాలిమరలు, తర్వాత ఆవిరి ఇంజన్లు, డీజిల్, ఇప్పుడు కరెంటు పంపులు. హోమ్ అనే ఊరి దగ్గర 1851లో ఒక ఇనప స్తంభాన్ని కొస నేలకి సమంగా ఉండేలా పాతారు. ఇప్పుడు అది దాదాపు 4 మీటర్లు పైకి తేలి నిలబడి ఉంది. స్తంభం కదల్లేదు, నేల దిగిపోయింది. రోడ్డు అలలకి కారణం కూడా అదే.

సరే, మ్యూజియం.

టికెట్టు మనిషికి 6 పౌండ్లు, పిల్లలకి ఊరికే. కార్డు మెషీన్ ఉంది కానీ మేం వెళ్ళిన రోజు దానికి సిగ్నల్ లేదు, మా ఆయన రెండు మైళ్ళు వెనక్కి పోయి డబ్బు తీసుకొచ్చారు. నోట్లు జేబులో పెట్టుకుని వెళ్ళండి. గంటన్నర చాలనుకుని వెళ్ళాం, తలుపులు మూసేదాకా ఉన్నాం.

గేటు దాటగానే ట్రాక్టర్ల షెడ్డు. రెండు షెడ్లు. మా ఆయనా మా బుడ్డోడూ అక్కడే దిగబడిపోయారు. చిన్న బూడిదరంగు ఫెర్గూసన్ ఒకటి ఉంది, టీఈ20 అట, 1946 నుంచి కోవెంట్రీలో లక్షల్లో తయారైన బండి, గుర్రాల్ని పొలం నుంచి ఇంటికి పంపించింది అదేనట. నాకు ట్రాక్టర్ల మీద అంత మోజు లేదు. మీకు ఉంటే ఈ ఒక్కదానికే డబ్బులు గిట్టుబాటు, నేను ముందుకి పోతున్నా.

షెడ్ల తర్వాత ఊరి కిరాణా కొట్టు. ఒక గదిలో చెక్క కౌంటరు, ఇత్తడి తక్కెడ, చీజ్ కోసే తీగ, చక్కెర పోసే నీలం కాగితపు సంచులు, బిస్కట్ల డబ్బాలు. కౌంటరు మీద రేషన్ పుస్తకం తెరిచి పెట్టారు. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, "రేషన్ కార్డా? తెల్లదా, గులాబీదా?" అన్నారు. నవ్వేశాను కానీ కౌంటర్ దగ్గరున్న పెద్దాయనకి ఆ ప్రశ్న చెప్పగానే ఆయన మహా సీరియస్‌గా సొరుగు లాగి మూడు పుస్తకాలు తీశారు. నిజంగానే వీళ్ళకీ రంగులు ఉండేవి. పెద్దవాళ్ళకి లేత గోధుమరంగుది, గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ అయిదేళ్ళలోపు పిల్లలకీ ఆకుపచ్చది, అయిదు నుంచి పదహారు దాకా నీలంది. పచ్చ పుస్తకం ఉన్నవాళ్ళకి పండ్లు ముందు, పాలు ముందు. అత్తయ్య తల ఊపారు, రేషన్ లెక్కలు ఆవిడకి అరటిపండు ఒలిచి పెట్టినట్టు అర్థమవుతాయి.

నాకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ తెలిసింది, ఇది నన్ను బాగా కుదిపింది. యుద్ధం జరుగుతున్నన్నాళ్ళూ బ్రిటన్‌లో రొట్టెకి రేషన్ లేదు. గెలిచిన తర్వాత, 1946 జూలైలో పెట్టారు! ప్రపంచమంతా ధాన్యం కరువు. రెండేళ్ళు నడిచింది అది. 1947 చలికాలం తర్వాత బంగాళాదుంపకి కూడా కోత పెట్టారు. టీ మీద 1952 దాకా, పిల్లల మిఠాయిల మీద 1953 ఫిబ్రవరి దాకా, మాంసం మీద 1954 జూలై దాకా. యుద్ధం మొదట్లో టీ రేషన్ ఎంత పెట్టారో తెలుసా, మనిషికి వారానికి 2 ఔన్సులు, అంటే 57 గ్రాములు. మా ఇంట్లో అది రెండు రోజులు కూడా రాదు. పొలం పనివాళ్ళకి చీజ్ మాత్రం మిగతావాళ్ళ కంటే ఎక్కువ ఇచ్చేవారట, మధ్యాహ్నం చేలో కూర్చుని తినేది రొట్టె, చీజ్, ఉల్లిపాయే కదా. ఇంకా పల్లె కాబట్టి పెరట్లో పంది, కోళ్ళు, కూరమడి ఉండేవి, పట్నం వాళ్ళ కంటే నయమేనని పెద్దాయన అన్నారు.

డబ్బు లెక్క గురించి ఆయన ఓపిగ్గా చెప్పింది కూడా బాగుంది. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. 1947లో పొలం కూలీకి కనీస వేతనం వారానికి 90 షిల్లింగులు, అంటే నాలుగున్నర పౌండ్లు. మా బుడ్డోడు వేళ్ళు లెక్కపెట్టి ఓడిపోయాడు. అత్తయ్య మాత్రం "పదహారణాల లెక్క కంటే కష్టమేం కాదు" అని తేల్చేశారు. మనం అణాలు 1957లోనే వదిలించుకున్నాం, వీళ్ళు 1971 దాకా ఆ పన్నెండూ ఇరవై పట్టుకుని వేలాడారు, ఆ ముక్క ఆయనకి చెబితే ఆయన కూడా నవ్వారు.

ఇక అసలు సరుకు వెనకాల ఉంది. పొలం కూలీ ఇల్లు. కింద రెండు గదులు, పైన రెండు. ముందు గది మూసే ఉంటుంది, అది చావుకీ పెళ్ళికీ పాదిరిగారు వచ్చినప్పుడూ మాత్రమే. బతుకంతా వెనక గదిలోనే. నల్లటి ఇనప పొయ్యి, దానికి శుక్రవారం శుక్రవారం గ్రాఫైట్ పూత పూసి మెరిసేలా రుద్దడం. బల్ల మీద ఆయిల్‌క్లాత్. నేల మీద లినోలియం, దాని మీద పాత కోట్లు చింపి, పేలికలు గోనెసంచిలో గుచ్చి చేసిన పట్టా. అత్తయ్య వంగి వేలితో తిప్పి చూసి "బొంత కుట్టే ఓపిక లేక పొడిచేశారు" అన్నారు. సుందరమైన విమర్శ, ఇంగ్లీషులోకి మార్చలేదు నేను.

ఈ ఇంట్లో ఒకావిడ ఉంటారు. ఎనభై దాటి ఉంటాయి, పక్క ఊళ్ళోనే పుట్టారట. మ్యూజియానికి ప్రాణం ఆవిడే. ఏ వస్తువు చూపించినా దాని పక్కన ఒక మనిషిని నిలబెట్టి చెప్తారు. గోడ అలమరలో ఒక గాజు సీసా లాంటిది ఉంది, మందంగా, పైన తీగ పిడితో. నేను పచ్చళ్ళ జాడీ అనుకున్నా. అది రేడియో బ్యాటరీ! ఊళ్ళో కరెంటు లేదు కదా, లోపల ఆసిడ్ పోసిన ఆ సీసాని వారానికోసారి సైకిల్ షాపుకి మోసుకెళ్ళి చార్జింగ్ పెట్టించుకుని, ఇంకోదాన్ని తెచ్చుకునేవారట. ఆ పని పిల్లలది. చేతిలో వేలాడుతూ మోకాలికి తగలకుండా దూరంగా పట్టుకుని నడవాలి, తొణికితే మేజోడుకి చిల్లు. ఆవిడ చెయ్యి పక్కకి చాపి, భుజం ఒక వైపు వంచి, ఆ నడక నడిచి చూపించారు. ఆ వయసులో అంత కచ్చితంగా గుర్తుండటం చూడాలి మీరు. 1948లో కరెంటు కంపెనీలన్నిటినీ ప్రభుత్వం తీసుకున్నాక కూడా, గట్టుకి దూరంగా ఉన్న ఇళ్ళకి తీగ రావడానికి ఇంకా ఏళ్ళు పట్టిందట. ఆవిడ ఇంట్లో మొదటి బల్బు వెలిగిన రాత్రి, వాళ్ళమ్మ చేసిన మొదటి పని మూలల్లో బూజు దులపడమట, అప్పటిదాకా కనబడనే లేదు కాబట్టి.

పెరటి చివర మరుగుదొడ్డి. చెక్క పలక, దానికి రెండు గుండ్రటి కన్నాలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, కింద బకెట్లు. మేకుకి చదరంగా కత్తిరించిన పేపరు ముక్కలు. మా బుడ్డోడికి ఈ మ్యూజియం మొత్తంలో ఇదే నచ్చింది, మూడుసార్లు చూసొచ్చాడు. ఆ బకెట్లు ఎవరు ఖాళీ చేసేవారు అంటే, నాన్న, చీకటి పడ్డాక, తోటలో తవ్విన గాడిలోకి. మరుసటేడు అక్కడ కూర బాగా కాసేదని ఆవిడ చెప్పారు.

బట్టలుతికే గదికి వచ్చేసరికి నా సమీక్ష అసలు మొదలవుతుంది.

ఇటుకలతో కట్టిన పొయ్యి, అందులో దింపిన పెద్ద గుండ్రటి డేగిసా, మీద చెక్క మూత. కాపర్ అంటారు దాన్ని. చాకలివాళ్ళు బానలో ఉబ్బ వేసినట్టే తెల్లబట్టలు అందులో ఉడకేస్తారు. పక్కన తొట్టి, అందులో బట్టలు తిప్పి కొట్టడానికి ముక్కాలిపీటకి కర్ర తగిలించినట్టు ఒక సాధనం, దాన్ని డాలీ అంటారు. ఆ పక్కన మాంగిల్, ఇనప చట్రంలో రెండు చెక్క రోలర్లు, పిడి తిప్పితే బట్ట మధ్యలోంచి నలిగి నీళ్ళు పిండుకుని అవతలికి వస్తుంది. అచ్చం చెరుకు రసం బండి. గోడకి ఒక ఫలకం: "సోమవారం, బట్టలుతికే రోజు. కాపర్‌లో సుమారు 10 గ్యాలన్ల నీళ్ళు పడతాయి." అంతే. దాని పక్కన నవ్వుతున్న అమ్మాయి బొమ్మ, సబ్బు కంపెనీ ప్రకటనది.

అత్తయ్య ఆ గదిలో నిలబడి చుట్టూ చూశారు. కొళాయి లేదు. "నీళ్ళు ఎవరు మోశారు?" అన్నారు.

ఫలకం మళ్ళీ చదివాను. దాంట్లో లేదు. ఇంకో ఫలకం ఉంది, కాపర్ ఎవరు తయారుచేశారో, ఏ ఫౌండ్రీలో పోతపోశారో ఉంది. మోసింది ఎవరో లేదు. పెద్దావిడని అడిగాను. ఆవిడ ముందు ఆశ్చర్యపోయారు, ఆ తర్వాత గోడకి ఆనుకుని వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టారు. ఆదివారం రాత్రే కాపర్ నింపాలి, బకెట్‌కి రెండు గ్యాలన్లు, అంటే అయిదు. జాడించే తొట్టి రెండుసార్లు, ఇంకో పది. నీలిమందు తొట్టి, గంజి తొట్టి. చివర్లో మురికి నీళ్ళు మళ్ళీ బయటికి మోయాలి, నేలకి వాలు లేదు కదా. "ఇరవై దాటుతాయి" అన్నారు. "మా అమ్మ. తర్వాత నేను." ఇంటి కప్పు మీది వాన నీళ్ళు పీపాలో పట్టుకునేవారు, అవి అయిపోతే వెనకాల డైక్‌లోంచి, అంటే పొలం మురుగు కాలువలోంచి, పీట్ రంగుకి టీ డికాషన్‌లా ఉండే నీళ్ళు. ఆ నీళ్ళతో తెల్ల దుప్పట్లు ఎలా తెల్లగా వచ్చాయంటే ఆవిడ దగ్గర జవాబు లేదు, "వచ్చేవి, రాకపోతే పక్కింటావిడ చూస్తుంది కదా" అన్నారు. సబ్బుకి కూడా 1950 దాకా రేషనేనని గుర్తుపెట్టుకోండి.

ఇంతా చేసి తీగ మీద ఆరేశాక ఫెన్ బ్లో వస్తుంది. వసంతంలో, విత్తనం వేశాక, నేల మీద ఇంకా పచ్చదనం లేని రోజుల్లో, పొడి పీట్ మట్టి గాలికి లేచి నల్లటి తెరలా కదులుతుంది. కిటికీ సందుల్లోంచి కూడా వచ్చేస్తుంది, చేలో చల్లిన విత్తనం కూడా ఎగిరిపోయి పక్కవాడి డైక్‌లో పడుతుంది. ఆ నల్లతెర సోమవారం మధ్యాహ్నం వస్తే? ఆవిడ ఆరు దుప్పట్ల గురించి చెప్పారు, ఏ ఏడో గుర్తులేదట, వాళ్ళమ్మ ఆ నల్లటి దుప్పట్లని తీగ మీదే వదిలేసి లోపలికొచ్చి కుర్చీలో కూర్చుందట, మాట్లాడకుండా. ఆవిడ వాళ్ళమ్మని పగటిపూట కుర్చీలో కూర్చోగా చూడటం అదే మొదటిసారట.

ఇది ఫలకం మీద ఎక్కడుంది? లేదు. నా మొదటి కంప్లయింటు ఇదే. ఈ మనిషి సెలవు పెట్టిన రోజు మీరు వెళ్ళారనుకోండి, మీకు దొరికేది ఫౌండ్రీ పేరు, గ్యాలన్ల లెక్క, సబ్బు బొమ్మ. ఆవిడ చెప్పేది ఎవరైనా ఫోన్‌లో అయినా రికార్డు చేస్తున్నారా అని అడిగాను. "చెయ్యాలనుకుంటున్నాం" అన్నారు. ఎనభై దాటినావిడ దగ్గర "అనుకుంటున్నాం" అనడం నాకు టెన్షన్ పెట్టింది.

రెండో కంప్లయింటు పొలం పనుల గది. అక్కడ విమెన్స్ లాండ్ ఆర్మీ యూనిఫాం వేసిన బొమ్మ ఉంది, ఆకుపచ్చ స్వెటరు, బ్రీచెస్, టోపీ, చాలా అందంగా. యుద్ధకాలంలో పట్నాల నుంచీ వచ్చి పొలాల్లో పనిచేసిన అమ్మాయిలు వాళ్ళు, ఆ దళం 1950లో రద్దయింది. ఉండాల్సిందే, కాదనను. కానీ దానికి ముందూ, అప్పుడూ, ఆ తర్వాతా అదే చేలో నడుం వంచిన ఊరి ఆడవాళ్ళకి యూనిఫాం లేదు కాబట్టి మూడు లైన్లు మాత్రమే దక్కాయి. ఇక్కడి పద్ధతి అచ్చం మన ముఠా కూలీ. ముఠా మేస్త్రి ఉంటాడు, పొద్దున్నే లారీలోనో ట్రైలర్‌లోనో ఆడవాళ్ళని ఎక్కించుకుని పోయి దుంపలు ఏరిస్తాడు, డబ్బు అతని చేతి మీదుగానే. చేలో ఒక్కొక్కళ్ళకీ అడుగులతో కొలిచి ఇంత అని గుత్త ఇస్తారు, ట్రాక్టరు మళ్ళీ తిరిగి వచ్చేలోపు నీ ముక్క ఏరేయాలి.

షుగర్ బీట్ అయితే ఇంకా ఘోరం. మన కూర బీట్‌రూట్ కాదు ఇది, తెల్లగా, లావెక్కిన ముల్లంగిలా ఉంటుంది. ఈలీలో 1925లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టాక ఈ చుట్టుపక్కల ప్రాణం దాని చుట్టూనే తిరిగింది, 1981లో మూసేదాకా. అక్టోబరు నుంచి సంక్రాంతి రోజుల దాకా, అంటే వణికించే చలిలో, నాగలి వదులు చేసిన దుంపల్ని చేతికొకటి చొప్పున పీకి, రెండిటినీ ఒకదానికొకటి కొట్టి మట్టి దులిపి, వరసగా పడేసుకుంటూ పోవాలి. వెనక్కి వచ్చి, కొస వంకీ తిరిగిన కత్తితో గుచ్చి లేపి, ఎడమచేత్తో పట్టుకుని, ఆకు తల నరకాలి. నడుముకి గోనెసంచి, లేకపోతే తడి ఆకులకి మోకాళ్ళ దాకా నానిపోతారు. ఆ కత్తి ఒకటి గోడకి వేలాడుతోంది. పెద్దాయన తీసి ఇచ్చారు, పట్టుకుని చూశాను. పిడి దగ్గర బొటనవేలు పెట్టే చోట చెక్క అరిగి పల్లం పడింది. చిన్న పల్లం, నా బొటనవేలికి సరిగ్గా సరిపోయింది, అంటే అది మగవాడి చెయ్యి కాదు. దాని కింద చీటీ మీద ఏముందో తెలుసా, "బీట్ కత్తి, సుమారు 1950." రెండు షెడ్ల ట్రాక్టర్లకి ఇంజను నంబర్లతో సహా చరిత్ర రాసినవాళ్ళు!

జర్మన్ యుద్ధఖైదీలు 1948 దాకా ఇక్కడి పొలాల్లో పనిచేశారు, ఆ తర్వాత ఇళ్ళకి వెళ్ళలేని పోలండ్, ఉక్రెయిన్ వాళ్ళు వచ్చారు, ఆ సంగతి కూడా ఒక ఫొటోతో సరిపెట్టారు. ఇప్పటికీ ఈ చేలల్లో కూరగాయలు కోసేది బయటి దేశాల వాళ్ళే, దారిలో చూశాం.

వీడియో గది మానేయండి. పన్నెండు నిమిషాలు పియానో, ఆ రోజుల్లో తలుపులకి తాళాలు వేసేవాళ్ళు కాదు అనే ధోరణి. దోచుకోడానికి ఏముందని తాళం, అని నేను అనలేదు, అత్తయ్య అన్నారు.

చివరి గది మాత్రం తప్పకుండా చూడాలి. 1947 వరద ఫొటోలు. ఆ ఏడు జనవరి చివర్నుంచి మార్చి దాకా మంచు గడ్డకట్టి ఉంది. కాలువలన్నీ గాజు పలకలు, ఫెన్ కుర్రాళ్ళు బూటు మడమకి చెక్క స్కేట్లు బిగించి పక్క ఊళ్ళకి జారుకుంటూ పోయేవాళ్ళు. మార్చిలో ఒక్కసారిగా వెచ్చబడి మంచంతా కరిగింది, దాని మీద వాన, 16వ తేదీ రాత్రి పెనుగాలి. గాలికి నది అలలు కరకట్టని కొరికేశాయి. ఊజ్ నది మీద ఓవర్ అనే ఊరి దగ్గర, ఇంకా చాలాచోట్ల గండ్లు పడ్డాయి. నది నేల కంటే పైన ఉంటే గండి పడ్డప్పుడు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పల్లంలో నిలిచిన నీరు తనంతట తాను పోదు, మళ్ళీ తోడాల్సిందే, వారాల తరబడి. చేలల్లో గడ్డీ మట్టీ కప్పి దాచుకున్న బంగాళాదుంపల కుప్పలు మొత్తం కుళ్ళాయి. ఆ తర్వాతే 1954 నుంచి పదేళ్ళ పాటు ఇక్కడి డెన్వర్ అనే ఊరి వైపు పెద్ద వరద కాలువలు తవ్వారు.

పక్కనే ఇంకో ఫొటో, 1953 జనవరి 31 రాత్రిది. ఇది నది కాదు, సముద్రం. కింగ్స్ లిన్, నార్ఫక్ తీరం, కింద ఎసెక్స్ దాకా, ఇంగ్లండ్‌లో 307 మంది పోయారు. నేను చదివి తెలుగులో చెప్తుంటే, "ఉప్పెన" అన్నారు అత్తయ్య, నేను వరద అంటుంటే సరిదిద్దినట్టు. ఆవిడ 1977 నవంబరు చూసిన మనిషి. ఆ ఫొటో ముందు కాసేపు నిలబడ్డారు, ఏం అడగలేదు, తర్వాత బుడ్డోడి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళారు.

పనికొచ్చే వివరాలు: టీ గది చిన్నది, స్కోన్లు ఇంట్లో చేసినవే, బాగున్నాయి, టీ మాత్రం వాళ్ళ లెక్కలో స్ట్రాంగు, మన లెక్కలో రంగునీళ్ళు. వీల్‌చెయిర్ అయితే కూలీ ఇంట్లోకి వెళ్ళదు, గడప ఎత్తుగా ఉంది, ర్యాంపు లేదు. ఫలకాల అక్షరాలు చీమ తలంత. బస్సు మీద నమ్మకం పెట్టుకోకండి. పిల్లలకి అయిదేళ్ళు దాటితే బాగా కాలక్షేపం. పార్కింగ్ పచ్చికలో, వాన పడితే నల్ల బురద చక్రాలకి పట్టుకుని వదలదు, మేం ఇంటికొచ్చాక కడిగితే వాకిలి సిరా పోసినట్టయింది. అదే రోజు ఇంకా ఓపిక ఉంటే వికెన్ ఫెన్ చూడండి, 1899 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ కాపాడుతున్న చోటు, నీళ్ళు తోడకపోతే ఈ నేలంతా ఎలా ఉండేదో అక్కడ తెలుస్తుంది. వాటర్‌బీచ్ వైపు డెన్నీ ఆబీ దగ్గర ఫార్మ్‌ల్యాండ్ మ్యూజియంలో కూడా 1940ల నాటి కూలీ ఇల్లు ఒకటి ఉంది, పోల్చుకోడానికి బాగుంటుంది.

నక్షత్రాలు ఇవ్వమంటే, ఇంటికీ పెద్దావిడకీ అయిదు, ఫలకాలకి రెండు, వీడియోకి ఏమీ లేదు.

వెళ్ళేముందు అత్తయ్య మళ్ళీ బట్టల గదికి వెళ్ళారు. అక్కడ గూట్లో ఒక చిన్న గుడ్డమూట, నీలంగా, లోపల బిళ్ళ. నాకు తెలియలేదు. ఆవిడ వాసన చూసి "రాబిన్ నీలం" అన్నారు. పేరు వేరు గానీ కంపెనీ అదే, రెకిట్ వాళ్ళది. ఇక్కడ రెకిట్స్ బ్లూ అని అమ్మారు, మనకి రాబిన్ బ్లూ అని అమ్మారు. పెద్దావిడ చెప్పారు, అది అసలుది కాదట, పాతది అయిపోతే ఎవరో సుద్దముక్కకి రంగేసి గుడ్డలో కట్టారట, బట్టలుతికి చూపించే రోజున నీళ్ళలో వేస్తే ఏమీ దిగదు, ఇక్కడ షాపుల్లో వెతికితే దొరకలేదు అని. నేను తెలుగులో చెప్పాను. అత్తయ్య కారు ఎక్కేదాకా మాట్లాడలేదు. ఈలీ దాటాక అన్నారు, "నా పెద్ద సూట్‌కేసులో పక్క జిప్పులో ఉజాలా సీసా ఉంది, వచ్చే ఆదివారం తెరుస్తారా వాళ్ళు?"